మూడు నిమిషాలు

శుక్రవారం రాత్రి బరంపురంలో రైలెక్కాం, తొమ్మిదిమందిమి.
గోల్ఫు కర్రల సంచులు బెర్తుల కింద పట్టక
ఎదుటి బెర్తు ఒరియా మాస్టారు
రాత్రంతా కాళ్లు ముడుచుకునే పడుకున్నాడు.
"ఏ మేళం మీది?" అనడిగాడు తెల్లారగట్ల, రాయగడ దాటాక.
ఏం చెబుతాం.
"శనివారం సంఘం" అన్నాం.

సునాబెడలో ఫ్యాక్టరీ కాలనీ వెనక
తొమ్మిది గుంటల మైదానం.
గుంటల చుట్టూ పచ్చిక కాదు,
పాత ఇంజనాయిలు పట్టించిన ఇసక.
ఆడినవాడే గోనెపట్టా ఈడ్చి
తన అడుగులు తనే చెరిపి పోవాలి.

ఈ ఆటలో నాకు నచ్చిన ధర్మం ఒకటుంది:
చేతకానివాడికి చేతకాదని ముందే రాసిపెట్టి
అన్ని దెబ్బలు మాఫీ చేస్తారు.
నాకు ఇరవై ఆరు.
ఎల్లైసీలో ముప్ఫై ఏళ్లు చేశాను,
ఒక్క ప్రీమియం ఎవరికీ మాఫీ చెయ్యలేదు.

పళ్ల డాక్టరు కూర్మాచారి మొదటి దెబ్బకి మట్టి లేపాడు.
బంతి కదల్లేదు. "గాలి చూశాను" అన్నాడు.
చీరల కొట్టు జగబంధు సాహు
కొట్టే ముందు బంతికి దండం పెడతాడు,
కొట్టాక దాని వంశాన్ని తిడతాడు.
కిందటేడు వీళ్లందరినీ దాటి,
నన్ను ఒక్క పాయింటుతో దాటి,
కప్పు పట్టుకెళ్లినవాడు గురుమూర్తి పాత్రో.
చైత్రంలో పోయాడు. గుండె.
వాళ్లావిడ కప్పుని చింతపండుతో తోమి
పాత తువాల్లో చుట్టి పంపింది.
రైల్లో అది నా తలకిందే ఉంది.

ఏడో గుంట పక్కన వలిసె చేను.
కొండ మీంచి ఎవరో పసుపు ఒలకబోసినట్టు.
నా బంతి సరిగ్గా అందులోకే పోయింది,
పోవాల్సిన చోటికి ఏనాడూ పోనంత తిన్నగా.
పోయిన బంతిని మూడు నిమిషాలు వెతకొచ్చు.
ఆ పైన దొరికినా పోయినట్టే లెక్క.
పువ్వులు నడుందాకా. తేనెటీగలు.
కూర్మాచారి గట్టు మీద వాచీ చూస్తున్నాడు,
పన్ను పీకే ముందు మత్తెక్కిందో లేదో చూసినట్టు.

ఆ గట్టు చివర గుర్బారి, పరజా ముసలమ్మ,
వెదురుబుట్టలో కోడిగుడ్లలా బంతులు పెట్టుక్కూచుంది.
కోత కోతకీ చేలో దొరికినవి.
"గొటాకు పాంచ్ టొంకా."
చెయ్యి పెట్టి కెలికాను.
అడుగున ఒకటి, ఎండకీ వానకీ పాలిపోయి,
దాని మీద ఆకుపచ్చ సిరాతో 'గు',
కింద రెండు చుక్కలు.

కిందటేడు ఇదే చేలోకి దిగాడు పాత్రో.
రెండు నిమిషాల యాభై సెకన్లకి
"దొరికింది!" అని కేకేశాడు.
అమ్మయ్య అనుకున్నాను నేను కూడా.
అతని కార్డు మీద సాక్షి సంతకం నాదే.

గొంతుక్కూచున్నాను బుట్ట పక్కన.
కోపం వచ్చింది,
ఎవరింటికి రావాలో తెలీనట్టు కాసేపు నిలబడి
తిరిగెళ్లింది.
అతని లాగు జేబు ఎప్పుడూ ఎత్తుగా ఉండేది.
వేరుశెనక్కాయలనుకునేవాణ్ణి.
ఆ రాత్రి గెస్టుహౌసులో కప్పుని ఒళ్లో పెట్టుకుని,
చుక్క తాగని మనిషి, ఏడ్చాడు.
అరవై రెండేళ్లకి ఇదే మొదటిది అన్నాడు.
మిగతావి ఏం ఓడాడో మేం అడగలేదు.

"ఏవండీ, దొరికిందా?" కూర్మాచారి అరుపు.
"నాది కాదు" అన్నాను.
పది నోటిస్తే గుర్బారి రెండు తీసుకోమంది.
ఒకటి చాలన్నాను.
కార్డులో ఏడో గుంటకి ఎదురుగా
నా సున్నా నేనే వేసుకున్నాను, గుండ్రంగా.

ఆదివారం మధ్యాహ్నం కప్పు సాహుకి దక్కింది.
దాన్నెత్తుకుని బంతుల వంశాన్నంతా క్షమించాడు.

తువాలు నా దగ్గరే ఉండిపోయింది.
రేపు వాళ్లావిడకి తిరిగివ్వాలి.
అందరూ నిద్రపోయారు.
తువాలు కొసని ఉమ్మితో తడిపి
'గు' మీద రుద్దుతున్నాను, రాయగడ నుంచీ.
మంచి సిరా.